వానలు మొదలయ్యేలోపు కుక్క టీకాల విషయంలో ఇవి చూసుకోండి

రేబిస్ టీకా గడువు దాటిందా? ఇంట్లోనే ఉంటుంది కదా అని దయచేసి వదిలేయొద్దు, లక్షణాలు బయటపడ్డాక కుక్కనైనా మనిషినైనా కాపాడటం దాదాపు అసాధ్యం. ఏటా జూలై 6న, జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల దినం (జూనోసిస్ డే) సందర్భంగా, చాలా ప్రభుత్వ పశు వైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు.

కుక్కపిల్లకి పార్వో (వాంతులు, రక్త విరేచనాలతో ప్రాణం తీసే వైరస్ జబ్బు) టీకా డోసులు 16 వారాల వయసు వరకు సాగాలి. తల్లి నుంచి వచ్చిన రక్షణ వల్ల మొదటి డోసు సరిగా పనిచేయకపోవచ్చు, అందుకే ఒక్క సూదితో ధైర్యం తెచ్చుకుని రోడ్డు మీద తిప్పొద్దు.

మీరు వేయించే టీకాలో లెప్టో (లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు) నుంచి రక్షణ ఉందో లేదో అడగండి. ఈ జబ్బు ఎలుకల మూత్రం కలిసిన వాన నీళ్లతో వస్తుంది, మనకీ అంటుతుంది.

వాంతులు, జ్వరం ఉంటే ముందే చెప్పండి, వాయిదా వేస్తారు.

టీకా సీసా మీది స్టిక్కర్ కుక్క టీకా కార్డులో అంటించమనండి.

సూది వేశాక అరగంట అక్కడే ఉండండి, ముఖం వాస్తే వెంటనే చూపించొచ్చు.