మొదటి ఆంప్లిఫయర్ కొనే ముందు ఇవి చూసుకోండి

దసరా, దీపావళి ఆఫర్లు మొదలవుతున్నాయి. హాల్లో రెండు స్పీకర్లు పెట్టుకుని ప్రశాంతంగా పాటలు వినాలనుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు చూడాల్సినవి:

• అమెరికా నుంచి చుట్టాలు తెస్తామంటే, ముందు వెనక ప్యానెల్ ఫోటో పంపమనండి. కరెంటు వైరు దగ్గర 120 వోల్టులు అని మాత్రమే ఉంటే వద్దనండి. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది.

• స్పీకర్ ఎన్ని ఓమ్స్ (అంటే కరెంటుకి అది ఇచ్చే అడ్డు)? 8 ఓమ్స్ స్పీకర్‌ కన్నా 4 ఓమ్స్‌ది దాదాపు రెట్టింపు కరెంటు లాగుతుంది. ఆంప్ మీద కనీసం 4 ఓమ్స్ అని రాసి లేకపోతే అది వేడెక్కి ఆగిపోవచ్చు, పాడవ్వొచ్చు కూడా. అందుకే స్పీకర్లు ముందు, ఆంప్ తర్వాత.

• డబ్బా మీద వేలల్లో కనిపించే పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠం అని వేసే అంకె) వాట్స్ అస్సలు పట్టించుకోవద్దు. ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల వాట్స్) చూడండి, అదీ ఎన్ని ఓమ్స్ దగ్గర ఇచ్చారో చూసి. మామూలు గదికి ఒక్కో ఛానెల్‌కి (అంటే ఒక్కో స్పీకర్‌కి) 30 నుంచి 50 నిజమైన వాట్స్ చాలు. వాట్స్ రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెల్సే, అంటే శబ్దం కొంచెమే పెరిగినట్టు వినిపిస్తుంది. ఆ డబ్బు స్పీకర్ల మీద పెట్టడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

• టీవీకి కలపాలంటే ఆంప్‌కి ఆప్టికల్ లేదా హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని ఆంప్‌కి పంపే సాకెట్లు) ఉంటే మేలు. లోపల ప్రీఆంప్ (శబ్దాన్ని ముందే పెంచే భాగం) లేని రికార్డ్ ప్లేయర్‌కి ఫోనో ఇన్‌పుట్ కావాలి, మామూలు ఇన్‌పుట్‌లో శబ్దం బాగా తక్కువగా వస్తుంది.

• స్పీకర్‌కే పవర్ ప్లగ్ ఉంటే అందులో ఆంప్ ఉన్నట్టే, వేరేది అక్కర్లేదు.

• వైర్లు బిగించేటప్పుడు స్విచ్ ఆపండి. ఒక్క రాగి పోగు పక్క టెర్మినల్‌కి తగిలినా షార్ట్ అవుతుంది.