చిన్నపనుల మినహాయింపు ముసాయిదాపై రాసేముందు

ఏయే ఇంటి పనులకు ప్లాను అనుమతి అక్కర్లేదో చెప్పే ముసాయిదా వచ్చిందా? దానిపై మీ అభిప్రాయం చెబుతూ అర్జీ పంపేముందు ఇవి చూసుకోండి.

- గడువు తేదీ మొదట. దాటాక ఎంత బాగా రాసినా పక్కన పడేస్తారు.

- 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాలు పక్కన పెట్టుకుని చదవండి. ఏం మారుతోందో అప్పుడే తెలుస్తుంది.

- "మరమ్మతు" అనే మాట దగ్గర ఆగండి. మట్టి మిద్దెపై మన్ను మార్చడం మరమ్మతే. దూలాలు పీకి స్లాబు పోస్తే? తగాదాలన్నీ ఇక్కడే. ఎత్తు, విస్తీర్ణం, రోడ్డు వైపు వదలాల్సిన జాగా అంకెల్లో రాయమని అడగండి.

- 2009 అక్టోబరులో కర్నూలు ఎలా మునిగిందో మరిచిపోలేదు కదా! ప్రహరీ చిన్నపనే, కానీ నీటి దారికి అడ్డంగా లేపితే వీధంతా మునుగుతుంది. హంద్రీ నది ఒడ్డున, వంకల పక్కన మినహాయింపే వద్దని నా మాట.

- అనుమతి అడగక్కర్లేదంటే సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ విడవాల్సిన ఖాళీ జాగా) వదలక్కర్లేదని కాదు. రెండూ కలిపి రాయకండి.

- పక్కింటాయన మెట్లు కాలువ మీదికి వచ్చాయన్న కోపం ఇందులో వద్దు. దానికి వేరే ఫిర్యాదు ఉంది.

- నకలు దగ్గర ఉంచుకుని, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి.