పేజీలో ఉన్నట్టే రాసినా ప్రోగ్రాం నడవకపోతే: ల్యాబ్‌లో రిఫరెన్సు అమరిక, సమస్యలు - పరిష్కారాలు

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కళాశాలల్లో ల్యాబులు సిద్ధం చేయడం, ఇంటర్నెట్ లేని రోజున కూడా పిల్లలకు అందేలా పైథాన్, సీ భాషల రిఫరెన్సును, అంటే ప్రతి వాక్యం, ఫంక్షన్ ఎలా పనిచేస్తుందో చెప్పే పేజీలను, లోపలి సర్వర్‌లో పెట్టడం నా పని. జిప్ విప్పడం, ఫోల్డరును సర్వర్‌లోకి ఎక్కించడం, బ్రౌజరులో తెరవడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకే మాటతో మొదలవుతాయి: "రిఫరెన్సు తప్పుగా ఉంది." వెళ్లి చూస్తే అందులో తప్పేమీ ఉండదు. అది ఆ కంప్యూటరులో ఉన్న భాషకు చెందిన రిఫరెన్సు కాదు, అంతే.

కాబట్టి ఏ లక్షణం కనిపించినా ముందుగా ఒక్క పని చేయండి. పేజీ పైభాగంలో ఉన్న వెర్షన్ సంఖ్యను, ప్రోగ్రామును నడుపుతున్న వెర్షన్ సంఖ్యను పక్కపక్కన పెట్టి చూడండి. దీనికి అర నిమిషం చాలు. ఈ అర నిమిషం వెచ్చించకుండా పైథాన్‌ను తీసేసి మళ్లీ వేసినవారిని, ఏకంగా కంప్యూటరునే ఫార్మాట్ చేసినవారిని ఎంతోమందిని చూశాను. వారి శ్రమ వృథా కావడం ఒక ఎత్తు, ఆ పూట ల్యాబ్ జరగక పిల్లలు నష్టపోవడం మరో ఎత్తు.

లక్షణం: పేజీలో ఉన్న ఫంక్షన్‌ను లేదంటోంది, లేదా సరైన వాక్యాన్నే తప్పంటోంది

కారణం: పేజీ ఒక వెర్షన్‌ది, ఇంటర్‌ప్రెటర్ (ప్రోగ్రామును చదివి నడిపే పైథాన్) మరో వెర్షన్‌ది. వినడానికి ఇంత సులువుగా ఉన్నా, నన్ను ఎక్కువగా మోసగించిన కారణం ఇదే. అందుకే దీన్ని వివరంగా చెబుతాను.

కొన్నేళ్ల క్రితం ఒక కళాశాల ల్యాబ్‌లో సగం కంప్యూటర్లు పాతవి, విండోస్ 7వి. పైథాన్ 3.9 మొదలుకొని ఏ వెర్షనూ విండోస్ 7 మీద పడదు కాబట్టి వాటిలో 3.8 ఉండిపోయింది. మిగతా సగం కొత్తవి, ఉబుంటు 22.04తో వచ్చాయి, వాటిలో 3.10 ఉంది. కొత్తవి వచ్చిన ఉత్సాహంలో నేను సర్వర్‌లోని రిఫరెన్సును కూడా మార్చి, 'పైథాన్-తాజా' అనే పాత ఫోల్డరులోనే కొత్త ప్రతిని పెట్టాను. రెండో వారంలో ఒక అమ్మాయి వచ్చి, "సార్, పేజీల ఉన్నది ఉన్నట్టే కొట్టిన, అయినా ఎర్రర్ వస్తున్నది" అంది.

ఆమె రాస్తున్నది ఫైళ్ల పేర్ల ముందు ఉన్న 'ల్యాబ్' అనే ఇంగ్లిషు అక్షరాలను, వాటి పక్కనున్న అండర్‌స్కోర్‌ను తీసేసే చిన్న ప్రోగ్రాం. మొదట ఎల్‌స్ట్రిప్ వాడింది. ఎల్‌స్ట్రిప్ ఇచ్చిన మాటను మాటగా చూడదు, అందులోని అక్షరాలు ఎడమవైపు ఏ వరుసలో ఎదురైనా తీసేస్తూ పోతుంది. అందువల్ల ఫైలు పేరులో అండర్‌స్కోర్ తర్వాత 'బాలు' అని ఉంటే బీ, ఏ, ఎల్ అక్షరాలు కూడా కొట్టుకుపోయి చివరికి 'యు' ఒక్కటే మిగిలింది. ఆమె రిఫరెన్సు తెరిచి, ఇదే ఇబ్బందిని తీర్చడానికి భాషలో చేర్చిన రిమూవ్‌ప్రిఫిక్స్ అనే పద్ధతిని వెతికి పట్టుకుంది. అంతవరకు ఆమె చేసిన ప్రతి పనీ సరైనదే. దాన్ని వాడగానే, స్ట్రింగుకు అలాంటి పద్ధతే లేదని ఎర్రర్ వచ్చింది.

అదే ప్రోగ్రాం ఎదురు వరుసలో నడిచింది. నేను మొదట అక్షరదోషం అనుకున్నాను, తర్వాత ఫైలు సరిగా సేవ్ కాలేదనుకున్నాను, ఆపైన ఆ కంప్యూటరులో పైథాన్ పాడైందనుకుని తిరిగి వేశాను. మూడు రోజులు పోయాయి. చివరికి ఆ పద్ధతి వివరణను తాపీగా కిందివరకు చదివితే, అడుగున చిన్న అక్షరాల్లో ఒక పంక్తి కనిపించింది: 3.9 వెర్షన్‌లో కొత్తగా చేరింది. ఆమె కూర్చున్నది 3.8 కంప్యూటరు ముందు. నా మూడు రోజుల కన్నా, తన మీద తనకే అనుమానం కలిగేలా ఆ అమ్మాయిని నిలబెట్టినందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇందులోనూ మెత్తని రకం, కఠినమైన రకం ఉన్నాయి. పేరు లేదని చెప్పే ఎర్రర్ మెత్తనిది, ఎందుకంటే అది కనీసం వేలు పెట్టి చూపుతుంది. భాష వ్యాకరణమే మారినచోట అంత దయ ఉండదు. మ్యాచ్ వాక్యం 3.10లో వచ్చింది. దాన్ని 3.8లో రాస్తే 'ఇన్‌వాలిడ్ సింటాక్స్' అని మాత్రమే వస్తుంది, వెర్షన్ ఊసే ఉండదు. పిల్లలు కోలన్ కోసం, ఖాళీల కోసం గంటసేపు వెతుకుతారు. ఎదురు దిశలో కూడా ఇదే జరుగుతుంది: పాత ల్యాబ్ మాన్యువల్‌లో ఉన్న డిస్ట్‌యుటిల్స్ మాడ్యూల్ 3.12లో లేదు, సీజీఐ మాడ్యూల్ 3.13లో లేదు.

సీ భాషలోనూ ఇంతే. ఎన్నో ఏళ్లుగా హెచ్చరికతో సరిపెట్టుకుని నడిచిన పాత ప్రోగ్రాంలు, ముందుగా ప్రకటించని ఫంక్షన్‌ను పిలిచినందుకు జీసీసీ అనే సీ కంపైలర్ 14వ వెర్షన్‌లో ఎర్రర్‌తో ఆగిపోతాయి. జీసీసీ 15 నుంచి, సీ భాష ఏ ప్రమాణాన్ని పాటించాలో మనం చెప్పకపోతే కంపైలర్ కొత్త ప్రమాణమైన సీ23నే అనుసరిస్తుంది. అందులో బ్రాకెట్లు ఖాళీగా వదిలిన ఫంక్షన్ ప్రకటనకు అర్థం మారింది: ఒకప్పుడు 'ఏ విలువలు తీసుకుంటుందో చెప్పలేదు' అని, ఇప్పుడు 'ఏ విలువలూ తీసుకోదు' అని.

వెర్షన్ రాయని పేజీ ఎంత ప్రమాదమో మన జిల్లావారికి వేరే చెప్పనవసరం లేదు. 'వరంగల్ జిల్లా' అని ఉన్న కాగితం 2015 నాటిదైతే అందులో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అన్నీ కలిసి ఉంటాయి. 2016 అక్టోబరు 11 తర్వాతిదైతే అర్బనా రూరలా అని అడగాలి. 2021 ఆగస్టు తర్వాతిదైతే అది చాలావరకు ఒకప్పటి రూరల్; అర్బన్ పేరు హనుమకొండగా మారింది. పేరు అదే, కాగితం మీది తేదీని బట్టి దాని హద్దులు వేరు. రిఫరెన్సు పేజీ మీది వెర్షన్ సంఖ్య సరిగ్గా ఆ తేదీ లాంటిది.

పరిష్కారం: ఇంటర్‌ప్రెటర్ వెర్షన్‌ను టెర్మినల్‌లో అడిగి ఊరుకోకండి. ఒకే కంప్యూటరులో రెండు పైథాన్‌లు ఉండి, టెర్మినల్ ఒకదాన్ని, ఎడిటర్‌లోని రన్ బటన్ మరొకదాన్ని పిలవడం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను. ఎర్రర్ ఇస్తున్న ఆ ప్రోగ్రాం మొదటి పంక్తుల్లోనే సిస్ మాడ్యూల్‌ను దిగుమతి చేసి, సిస్ డాట్ వెర్షన్, సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్ రెండింటినీ ప్రింట్ చేయించండి. మొదటిది సంఖ్యను చెబుతుంది, రెండోది ఏ ఫోల్డరులోని పైథాన్ నడుస్తోందో చెబుతుంది. సింటాక్స్ ఎర్రర్ అయితే ప్రోగ్రాం మొదలే కాదు కాబట్టి, ఈ పంక్తులను వేరే ఫైలులో పెట్టి అదే బటన్‌తో నడపండి. సంఖ్యలో మొదటి రెండు భాగాలు పేజీతో కలిస్తే చాలు. 3.8.10లోని చివరి పది దోషాల సవరణలకు సంబంధించినది, దాని కోసం వేరే రిఫరెన్సు అక్కర్లేదు.

తర్వాత అమరికను మార్చండి. సర్వర్‌లో మొదటి మెట్టు ఫోల్డర్లు విషయాన్ని బట్టి కాక, పరికరం పేరు, వెర్షన్ సంఖ్యను బట్టి ఉండాలి: పైథాన్ 3.8, పైథాన్ 3.10, జీసీసీ 11, ఇలా. 'తాజా' అనే ఫోల్డరును గాని షార్ట్‌కట్‌ను గాని ఉంచకండి. పైథాన్ అధికారిక సైటులో చిరునామా మధ్యలో 3 అని మాత్రమే ఉంటే, అది ఎప్పటికప్పుడు కొత్త స్థిర వెర్షన్‌కు జరిగిపోతుంది. 2020లో మీరు మాన్యువల్‌లో ఇచ్చిన లింకును ఈరోజు నొక్కితే వేరే భాషారూపం తెరుచుకుంటుంది. కనుక మాన్యువల్‌లోని ప్రతి లింకులో 3 ఉన్నచోట 3.8 అనో 3.10 అనో పూర్తిగా రాయండి. ఒక్కో వెర్షన్ రిఫరెన్సు జిప్ రూపంలో దొరుకుతుంది కాబట్టి లోపలి సర్వర్‌కు కూడా ఇబ్బంది లేదు.

డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్ ప్రతి కంప్యూటరులోనూ ఆ కంప్యూటరు వెర్షన్ ఫోల్డరుకే వెళ్లాలి. పాత వెర్షన్ ఫోల్డరును, ఆ వెర్షన్ ఉన్న చివరి కంప్యూటరు ల్యాబ్ దాటేదాకా తొలగించకండి. ఇంకా సందేహం ఉంటే పైథాన్‌తోనే వచ్చే పైడాక్‌ను, హెల్ప్ ఫంక్షన్‌ను అడగండి. అవి ఆ కంప్యూటరులో ఉన్న మాడ్యూళ్ల నుంచే వివరణ తీస్తాయి కాబట్టి వెర్షన్ తేడాకు తావుండదు. వివరణ క్లుప్తంగా ఉంటుంది గాని, తగవు తీర్చడానికి అది చాలు.

లక్షణం: వెతికితే వేరే పేజీ వస్తోంది, లేదా పేజీయే లేదంటోంది

కారణం: భాష, లైబ్రరీ, పరికరాలు మూడూ ఒకే కుప్పగా ఉన్నాయి. లినక్స్‌లో మాన్యువల్ పేజీలు తెరిచే కమాండు మ్యాన్. మ్యాన్ ప్రింట్‌ఎఫ్ అని కొడితే వచ్చేది షెల్ కమాండు పేజీ, సీ ఫంక్షన్‌ది కాదు. మ్యాన్ పేజీలకు విభాగాలున్నాయి: 1లో కమాండ్లు, 2లో సిస్టమ్ కాల్స్, 3లో లైబ్రరీ ఫంక్షన్లు. మధ్యలో 3 వేసి అడిగితే సరైనది వస్తుంది. అప్పుడూ లేదంటే ఉబుంటులో మ్యాన్‌పేజెస్-డెవ్ అనే ప్యాకేజీ వేయలేదన్నమాట. అలాగే జీసీసీ మాన్యువల్‌లో ప్రింట్‌ఎఫ్, మాలక్ ఎలా వాడాలో వెతికి లాభం లేదు. అందులో కంపైలర్ ఆప్షన్లు, భాషకు జీసీసీ చేర్చిన అదనాలు ఉంటాయి. ఫంక్షన్ల వివరణ సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీ మాన్యువల్‌లో ఉంటుంది.

పరిష్కారం: ప్రతి వెర్షన్ ఫోల్డరుకు ముందు ఒక సూచిక పేజీ మీరే రాసి పెట్టండి. ఫర్, మ్యాచ్ వంటి వాక్యాలకు భాషా రిఫరెన్సు, స్ట్రింగ్ పద్ధతులకు, రేంజ్‌కు లైబ్రరీ రిఫరెన్సు, అదనపు ప్యాకేజీలు వేసే పిప్‌కు దాని సొంత మాన్యువల్ అని తెలుగులో నాలుగు వాక్యాలు చాలు. పిప్ వెర్షన్ సంఖ్యకు, పైథాన్ వెర్షన్ సంఖ్యకు సంబంధం లేదని కూడా అక్కడే రాయండి. ట్యుటోరియల్‌ను మాత్రం రిఫరెన్సు మధ్యలో కలపకండి. నేర్చుకునేవారు దాన్ని వరుసగా చదవాలి, రిఫరెన్సులో అవసరమైన పేజీకి నేరుగా వెళ్లాలి.

అరుదైనవి

కొత్త ప్రతి పెట్టినా పాత పేజీయే కనిపిస్తే కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కండి. మీరు రాసిన తెలుగు సూచిక పిచ్చి అక్షరాలుగా కనిపిస్తే ఫైలును యూటీఎఫ్-8లో సేవ్ చేసి, పేజీ తలలో కూడా అదే ప్రకటించండి. జిప్ పాడవడం నాకు చాలా అరుదుగా ఎదురైంది, మళ్లీ దింపితే సరిపోయింది.

వెర్షన్లు రెండూ కలిసినా పేజీలో ఉన్న ఫంక్షన్ లేదనే అంటుంటే, విద్యార్థి తన ఫైలుకు పెట్టిన పేరు చూడండి. ర్యాండమ్ మాడ్యూల్ ప్రయోగాన్ని అదే పేరుతో సేవ్ చేస్తే, ర్యాండమ్‌ను దిగుమతి చేసినప్పుడు పైథాన్‌కు అసలు మాడ్యూల్ కన్నా ముందు ఆ ఫైలే దొరుకుతుంది. ఫైలు పేరు మార్చి మళ్లీ నడపండి.