వారాంతపు అంబాసిడర్: ఏ లక్షణం కనిపిస్తే ఎక్కడ వెతకాలి

1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్‌ను ఇంటి పోర్టికోలో పెట్టుకుని, శని ఆదివారాల్లో పానాలు పట్టుకుని కూర్చునేవాళ్ల కోసం ఇది. మార్క్ 2 అయినా, మార్క్ 3 అయినా, మార్క్ 4 అయినా ఆ ఇంజిన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) బీ సిరీస్‌దే. ప్రీమియర్ పద్మిని ఉన్నవాళ్లకు కొలతలు మారతాయి గానీ వెతికే దారి మారదు.

రోజూ తిరిగే బండికి అరుగుదలతో జబ్బులొస్తాయి. వారమంతా కవర్ కింద ఉండే బండికి నిలబడటం వల్లే వస్తాయి. కార్బురేటర్‌లో పెట్రోల్ ఆవిరైపోతుంది, పాయింట్లకు (కాయిల్ కరెంటును కలిపి తెంచే లోహపు ముక్కలకు) పొర కడుతుంది, చక్రాల దగ్గర బ్రేక్ సిలిండర్లు పట్టేస్తాయి, ఎర్త్ జాయింట్లు తుప్పు పడతాయి. కాబట్టి ఆటోనగర్‌కు పరుగెత్తి కొత్త కాయిలు, కొత్త పంపు తెచ్చే ముందు ఉన్నదాన్ని శుభ్రం చేసి చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. మూడు సామాన్లు ఒకేరోజు మార్చాక బండి స్టార్ట్ అయితే జబ్బేమిటో తెలియదు, కాకపోతే కొత్తగా ఏం పాడుచేశామో తెలియదు.

సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు

నిప్పు రావడం లేదా, పెట్రోల్ రావడం లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. ఒక ప్లగ్గు విప్పి, దాని వైరుకే తగిలించి, ప్లగ్గు లోహం ఇంజిన్‌కు ఆనేలా పెట్టి సెల్ఫ్ కొట్టించండి. టక్ టక్‌మంటూ నీలిరంగు మెరుపు వస్తే నిప్పు బాగానే ఉంది, పెట్రోల్ వైపు వెళ్లండి. పసుపుగా, నీరసంగా వచ్చినా, అసలు రాకపోయినా, ప్లగ్గులకు వంతులవారీగా నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీయాల్సిందే.

మూత తీయకముందు పది రూపాయల పని ఒకటుంది. పన్నెండు వోల్టుల మామూలు బల్బుకు రెండు వైర్లు కట్టి, ఒకటి కాయిల్‌కు డిస్ట్రిబ్యూటర్ వైపున్న టెర్మినల్‌కి, రెండోది ఎర్త్‌కి (ఇంజిన్ లోహానికి) పెట్టి సెల్ఫ్ కొట్టండి. బల్బు వెలిగి ఆరుతూ ఉంటే పాయింట్లు పని చేస్తున్నాయి. అయినా నిప్పు లేదంటే కాయిలు, కండెన్సర్ (పాయింట్ల దగ్గర మెరుపును అణిచేది), రోటార్ (మూత కింద తిరిగే ముక్క), మూతలో పగులు చూడాలి. బల్బు ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలుసుకోవడం లేదు, అంటే పొర కట్టాయి లేదా గ్యాప్ మరీ ఎక్కువైంది. అసలు వెలగకపోతే కాయిల్‌కు కరెంటు రావడం లేదు, లేదంటే పాయింట్ల దగ్గర ఎక్కడో ఎర్త్ తగులుతోంది.

ఆ చివరిది కొత్త పాయింట్లు వేసిన మర్నాడే వచ్చే తంటా. లూకాస్ డిస్ట్రిబ్యూటర్‌లో పాయింటు స్ప్రింగు, కాయిల్ నుంచి వచ్చే వైరు, కండెన్సర్ వైరు మూడూ ఒకే పోస్టు మీద కూర్చుంటాయి. ఆ మూడూ ఒకదానికొకటి తగలాలి, పోస్టుకు మాత్రం తగలకూడదు. మధ్యలో ఉండే చిన్న ప్లాస్టిక్ బుష్షు, వాషరు వరుస తప్పితే కాయిల్ ఎప్పుడూ ఎర్త్ అయిపోయే ఉంటుంది, ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా నిప్పు రాదు. విప్పేటప్పుడే ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

పాయింట్లు శుభ్రం చేసే పద్ధతి. బూడిదరంగు పొర మాత్రమే ఉంటే గట్టి కాగితం ముక్క మధ్యలో పెట్టి లాగితే చాలు. ఒకదాని మీద మొటిమ, రెండోదాని మీద గుంట కనిపిస్తే సన్నని ఎమెరీ కాగితంతో చదును చేసి, పెట్రోల్ తడిపిన గుడ్డతో తుడవండి. చేతి జిడ్డు మిగిలితే అది కాలి మళ్లీ పొర అవుతుంది. మొటిమ త్వరగా మళ్లీ వస్తుంటే కండెన్సర్ మార్చాలి. తర్వాత ప్లగ్గులన్నీ విప్పి, హ్యాండిల్‌తో ఇంజిన్ తిప్పుతూ, పాయింటు మడమ (క్యామ్‌ను ఆనుకునే భాగం) క్యామ్ (మధ్యలో తిరిగే ఇరుసు మీది గుబ్బ) కొన మీదికి వచ్చినప్పుడు ఆపండి. అక్కడ గ్యాప్ 0.015 అంగుళం, అంటే 0.38 మిల్లీమీటర్లు ఉండాలి. ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే సన్నని రేకుల కట్ట) రేకు కొద్దిగా పట్టు ఇస్తూ జారాలి. క్యామ్‌కు అగ్గిపుల్ల కొనంత గ్రీజు రాయండి, అంతకన్నా ఎక్కువ వద్దు. ప్లగ్గు గ్యాప్ 0.025 అంగుళం. పాయింట్ల గ్యాప్ మారితే టైమింగ్ (నిప్పు పడే క్షణం) కూడా మారుతుంది, కాబట్టి దాన్నీ సరిచూడాల్సిందే.

నిప్పు బాగుండి ఇంజిన్ అందుకోకపోతే, ముందు కాయిల్ వైరు తీసేయండి. ఆ తర్వాతే కార్బురేటర్‌కు వచ్చే పెట్రోల్ పైపు విప్పి, సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టండి. పెట్రోల్ దఫదఫాలుగా గట్టిగా చిమ్మాలి. చిమ్మితే పంపుకు ఏ రోగమూ లేదు. చిమ్మకపోతే ఫిల్టరు, పంపు డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర), ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపులో పగులు, ఈ వరుసలో చూడండి.

వేడెక్కాక ఆగిపోతుంది, అరగంట చల్లారితే మళ్లీ నడుస్తుంది

మే నెలలో విజయవాడ ఎండలో బయటికి తీస్తే ఇది మామూలే. అందరూ వేపర్ లాక్ (వేడికి పెట్రోల్ ఆవిరై పైపులో దారి ఆపేయడం) అనేస్తారు. నిజంగా అదేనా అన్నది బండి ఆగిన నిమిషంలోనే తెలుసుకోవాలి, చల్లారాక కాదు. వెంటనే నిప్పు చూడండి. నిప్పు లేకపోతే వేడికి కాయిలో, కండెన్సరో వదిలేస్తోంది. నిప్పు ఉంటే పెట్రోల్ ట్యాంకు మూత తిప్పండి. గాలి బుస్సుమని లోపలికి పీల్చుకుంటే మూతలో గాలి రంధ్రం పూడుకుపోయింది. పిన్నీసుతో బాగయ్యే జబ్బు. అదీ కాకపోతే పంపు మీద తడిగుడ్డ వేయండి. దానితో స్టార్ట్ అయిందంటే వేపర్ లాకే.

ఈ ఇంజిన్‌లో కార్బురేటర్, సైలెన్సర్ మ్యానిఫోల్డు రెండూ ఒకే పక్కన ఉంటాయి. వేడి నేరుగా పైకి వెళ్లి కార్బురేటర్‌కు తగులుతుంది. మధ్యలో ఉండాల్సిన, వేడిని ఆపే రేకు చాలా బండ్లలో ఎప్పుడో మాయమైపోయింది. లేత్ షెడ్డులో అల్యూమినియం రేకుతో చేయించి బిగించండి, పెట్రోల్ పైపును మ్యానిఫోల్డుకు వీలైనంత దూరం జరపండి.

యాక్సిలరేటర్ నొక్కగానే దగ్గుతుంది

ఎస్‌యూ కార్బురేటర్ అయితే పైనున్న మూత విప్పి లోపల నూనె ఉందో లేదో చూడండి. సగం బండ్లలో ఉండదు. ఎస్ఏఈ 20 నూనె పోస్తే సరిపోతుంది. ప్లగ్గులు నల్లగా మసిబారుతుంటే మాత్రం చోక్ వైపు చూడాలి. చోక్ లోపలికి తోశాక కింద జెట్ (పెట్రోల్ వచ్చే సన్న గొట్టం) పూర్తిగా పైకి వెళ్లిందో లేదో వేలితో నొక్కి చూడండి. కేబుల్ బిగిసిపోయి జెట్ సగంలోనే ఆగిపోతుంటుంది.

పెట్రోల్ వాసన, కార్బురేటర్ కింద తడి

దీన్ని వచ్చే వారానికి వాయిదా వేయకండి. ఆ చుక్క పడేది వేడి మ్యానిఫోల్డు మీద. ఫ్లోట్ చాంబర్ విప్పి, ఫ్లోట్‌ను (పెట్రోల్ మీద తేలే డబ్బాను) చెవి దగ్గర ఊపండి. లోపల గలగలమంటే చిల్లు పడింది. శబ్దం లేకపోతే పెట్రోల్‌ను ఆపే నీడిల్ దగ్గర చెత్త ఇరుక్కుంది లేదా నీడిల్ అరిగింది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. అప్పటి రబ్బరు దానికి ఉబ్బిపోతుంది, పగులుతుంది. పైపులు, డయాఫ్రమ్ ఇథనాల్‌ను తట్టుకునే రకమా అని అడిగే కొనండి. ఇథనాల్ తేమను కూడా పీల్చుకుంటుంది, అందుకే నెలల తరబడి నిలబెట్టేటప్పుడు ట్యాంకులో పాత పెట్రోల్ ఉంచకపోవడమే మేలు. పక్కన ఒక ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాల్సిందే.

టెంపరేచర్ ముల్లు ఎక్కుతోంది

ఎప్పుడు ఎక్కుతోందో గమనించండి. ట్రాఫిక్‌లో నిలబడినప్పుడే అయితే ఫ్యాను బెల్టు, టైమింగ్ చూడాలి. పాయింటు మడమ అరిగి గ్యాప్ తగ్గితే టైమింగ్ వెనకబడుతుంది, ఇంజిన్ కాగుతుంది. రేడియేటర్‌కు వేలు పోసేముందు ఫీలర్ గేజ్ తీయండి. హైవే మీద వేగంగా వెళ్లినప్పుడే ఎక్కితే రేడియేటర్ పూడుకుంది, లేదంటే కింది గొట్టం మెత్తబడి లోపలికి అణిగిపోతోంది.

పూడిక మన బోరు నీళ్ల పుణ్యమే. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోస్తే ఇంజిన్ బ్లాకు లోపల ఉప్పు పేరుకుంటుంది, తుప్పు దానికి తోడవుతుంది. రేడియేటర్ ఒక్కటీ కడిగిస్తే లాభం లేదు, బ్లాకుకున్న డ్రెయిన్ కూడా విప్పాలి. విప్పినా నీళ్లు రాకపోతే తీగతో పొడవండి, ఎర్రటి బురద దిగుతుంది. తర్వాత డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ తప్ప ఇంకేదీ వద్దు. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను ఆపే కవాటం) తీసి పారేయమని సలహా ఇచ్చే మేస్త్రీలు ఎక్కువ. పాడైతే మార్చండి గానీ తీసేయడం మందు కాదు. ఇంజిన్ చల్లగానే నడిచి పెట్రోల్ తాగుతుంది, అసలు పూడిక అలాగే ఉంటుంది. రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తున్నా, నూనె పాలలా తెల్లబారినా హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే. అది ఒక్క ఆదివారంలో అయ్యే పని కాదు.

సెల్ఫ్ టక్‌మని ఊరుకుంటుంది, హెడ్‌లైట్లు మసకగా ఉన్నాయి

వెంటనే బ్యాటరీని అనుమానించకండి. జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ నుంచి ఇంజిన్ బ్లాకుకు తగిలించండి. సెల్ఫ్ గట్టిగా తిరిగిందా, ఎర్త్ పట్టీ తుప్పు పట్టింది. విప్పి, లోహం మెరిసేదాకా గీకి, బిగించి, గ్రీజు రాయండి.

బ్రేకు కిందికి దిగిపోతుంది, లేదా చక్రం పట్టేసింది

రెండు మూడుసార్లు నొక్కితే గట్టిపడుతోందంటే షూలు దూరంగా ఉన్నాయి లేదా గొట్టాల్లో గాలి ఉంది. అడ్జస్టర్‌ను చక్రం ఆగేదాకా బిగించి, మళ్లీ స్వేచ్ఛగా తిరిగేదాకా వదలండి. గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టండి. నొక్కి పట్టుకుంటే మెల్లగా జారిపోతుంటే మాత్రం ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్‌లో రబ్బర్లు పోయాయి. అది తేలేదాకా బండి గేటు దాటకూడదు.

చక్రం పట్టేస్తే దాని బ్లీడ్ నిపుల్ (గాలి తీసే మర) కొద్దిగా వదులు చేయండి. చుక్క బ్రేక్ నూనె చిమ్మి చక్రం తిరిగిందంటే సిలిండర్ బాగుంది. పైన రబ్బరు గొట్టం లోపల ఉబ్బి నూనెను వెనక్కి పోనివ్వడం లేదు. పైకి ఆ గొట్టం కొత్తదానిలాగే కనిపిస్తుంది. నిపుల్ వదిలినా తిరగకపోతే సిలిండరో, షూలో తుప్పుతో బిగుసుకున్నాయి.

జాకీ మీదో, ఇటుకల మీదో బండిని ఉంచి కిందికి దూరకండి, స్టాండ్లు కొనండి. పాత షూల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. గాలి కొట్టకుండా తడిగుడ్డతో తుడవండి.

ఆరు నెలలుగా బండి స్టాండ్ల మీదే ఉంది

ఇదీ ఒక లక్షణమే. ఇంజిన్, బ్రేకులు, టింకరింగ్ మూడూ ఒకేసారి విప్పేయడమే కారణం. మొదట బ్రేకులు పూర్తి చేసి బండిని దింపండి, తర్వాత ఇంజిన్, పెయింటు అన్నిటికంటే చివర. ఆదివారం సాయంత్రానికి బిగించగలిగినంతే శనివారం విప్పండి. నట్లు ఏ భాగానివి ఆ భాగం పేరు రాసిన కవర్లో వేయండి.

ఇది ముదిరితే చాలామంది పాత ఇంజిన్ మీద విసుగెత్తి హాట్ రాడ్ (బలమైన ఇంజిన్ పెట్టి మార్చిన పాత బండి) వైపు చూస్తారు. 1800 ఐఎస్‌జెడ్ మోడల్‌లో వచ్చిన ఇసుజు ఇంజిన్, ఐదు గేర్లు పెట్టేద్దామంటారు. తిరగడానికి అది హాయిగానే ఉంటుంది. కానీ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం అలాంటి మార్పు ఆర్‌సీలో ఎక్కాలి, కాబట్టి ఇంజిన్ కొనకముందే ఆర్‌టీఏ ఆఫీసులో అడగండి. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత బండికి 20,000 రూపాయల ఫీజుతో పదేళ్లకు ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ఇస్తారు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు, ఆ నంబరుతో రోజువారీ పనులకు తిరగనివ్వరు. మీది 1970ల మొదటి మార్క్ 2 అయితే పాత ఇంజిన్‌ను తూకానికి అమ్మేయకుండా, నంబరు పడిన ఆ బ్లాకును నూనె రాసి, గోనెసంచిలో చుట్టి మూల పెట్టండి.