నాణెం ఫోటోలో అక్షరాలు కనిపించాలంటే

కొత్తగా దొరికిన నాణేన్ని ఫోటో తీసి మిత్రులకు పంపితే, "తెల్లటి మచ్చ తప్ప ఏమీ కనిపించడం లేదు, ఏ సంవత్సరానిది?" అని అడుగుతారు. తప్పంతా ఫ్లాష్‌దే.

పోయిన వారం ఒంగోలులో పాత ఇత్తడి సామాను అమ్మే దుకాణంలో నాకు 1835 నాటి ఈస్టిండియా కంపెనీ పావు అణా, 1943 నాటి చిల్లు పైసా దొరికాయి. పావు అణా బాగా అరిగిపోయింది. పది ఫోటోలు పాడయ్యాక కుదిరిన పద్ధతి ఇది.

ఫ్లాష్ ఆపేయండి. నేరుగా ఎండ పడని కిటికీ పక్కన నల్ల గుడ్డ పరిచి, నీళ్ల సీసా మూత బోర్లించి, దానిమీద నాణెం పెట్టండి. ఎత్తులో ఉంటుంది కాబట్టి గుడ్డ పోగులు ఫోటోలో మసకబారతాయి. ఫోనును జానెడు ఎత్తున పుస్తకాల దొంతర అంచుకు ఆనించి, రెండింతలు జూమ్ చేసి, మూడు సెకన్ల టైమర్ పెట్టండి. వెలుగు ఒక పక్క నుంచే పడాలి. మూతను కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగైదు ఫోటోలు తీస్తే, ఏదో ఒకదానిలో అరిగిన అంకెలు కూడా నీడతో తేలి కనిపిస్తాయి. నా పావు అణాపై 1835లోని చివరి 5 అలాగే బయటపడింది.

ఇప్పటి స్టీలు నాణేలకు మాత్రం ఇది పనిచేయదు, కిటికీ ఊచలే వాటిలో ప్రతిబింబిస్తాయి. వాటికి కిటికీకి బటర్ పేపర్ అంటించాలి.

ఫోటో బాగా రావాలని చింతపండుతో మాత్రం తోమకండి. రాగి తళతళలాడుతుంది గానీ, సేకరించేవాళ్లు తర్వాత దానివైపు చూడరు.