పాత అంబాసిడర్‌లో చాంబర్ డ్రెయిన్ బోల్టు పట్టేసిందా? సమస్య - పరిష్కారం

బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ ఉన్న అంబాసిడర్లలో ఆయిల్ చాంబర్, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, రేకుది. పాత ఆయిల్ దించడానికి విప్పే డ్రెయిన్ బోల్టు పట్టుకునే మరలు ఆ పలుచని రేకులో ఉండవు, రేకుకు అతికించిన మందపాటి లోహపు దిమ్మలో, అంటే బాస్‌లో ఉంటాయి. బోల్టు పాడైతే ఇంకోటి వేసుకోవచ్చు. బాస్ ఊడినా, దాని మరలు పోయినా మాత్రం చాంబర్ దించక తప్పదు. కాబట్టి బోల్టు ఏమైపోయినా సరే, బాస్‌ను కాపాడుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు ఇంజిన్‌ను కాసేపు నడిపి ఆపండి. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే చాలు, చెయ్యి కాలేంత వేడి వద్దు. బండి కిందికి దూరేటప్పుడు జాకీని నమ్మొద్దు, ఇటుకలను అసలే నమ్మొద్దు. ఇనుప స్టాండ్లే వేయండి. కింద కనీసం 6 లీటర్లు పట్టే తొట్టి పెట్టుకోండి.

పానా జారుతోంది, మూలలు అరిగిపోతున్నాయి

చాలాసార్లు తప్పు సైజు పానా వల్లే ఇలా అవుతుంది. ఈ ఇంజిన్ బోల్టులు అంగుళాల లెక్కవి. ఉదాహరణకు 7/8 అంగుళం అంటే 22.2 మి.మీ. దానికి 22 పానా ఎక్కదు, 23 వదులుగా తిరిగి మూలలు తినేస్తుంది. తల మీది మట్టి, గ్రీజు గీకేసి వెర్నియర్‌తో కొలవండి. మీ బండిలో ఎవరో మార్చిన బోల్టు కూడా ఉండొచ్చు, అంచనాతో పానా పెట్టొద్దు. ఇసుజు 1800 ఇంజిన్ బండ్లకైతే మి.మీ. పానాలే సరిపోతాయి.

ఆరు పలకల సాకెట్టే వాడండి. పన్నెండు పలకలది మూలల కొసలనే పట్టుకుంటుంది, వాటిని చెక్కేస్తుంది. మూలలు ఇప్పటికే పోయి ఉంటే తలను ఆకురాయితో కాస్త రాసి, ఒక సైజు చిన్న సాకెట్‌ను సుత్తితో బిగువుగా ఎక్కించండి. అదీ పట్టకపోతే పైపు పానా.

పానా గట్టిగానే పట్టింది, బోల్టు కదలడం లేదు

ముందు దిశ చూసుకోండి. బోల్టు తలకు ఎదురుగా నిలబడి చూస్తున్నట్టు ఊహించుకుని, గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిప్పాలి. బండి కింద వెల్లకిలా పడుకుని, పక్కకు తిరిగి ఉన్న బోల్టును పట్టుకున్నప్పుడు ఇది సులభంగా తారుమారవుతుంది. విప్పుతున్నామనుకుంటూ ఇంకా బిగించేస్తాం.

దిశ సరైనదే అయితే కారణం అతిగా బిగించడం, లేదా కారకుండా ఎవరో ఎం-సీల్ లాంటిది పూయడం. మరల లోపలి కొసన ఎలాగూ ఆయిల్ ఉంటుంది కాబట్టి అక్కడ తుప్పు తక్కువ. అసలు పట్టు తల కింద, నలిగి అతుక్కుపోయిన వాషర్ దగ్గర. తుప్పు వదిలించే స్ప్రేను తల చుట్టూ కొట్టి రాత్రంతా వదిలేస్తే కొంత నయమే గానీ, పట్టు వదిలించేది దెబ్బ. తల మీద మందపాటి ఇత్తడి కడ్డీ ఆనించి, అర కిలో సుత్తితో నిటారుగా ఐదారు పొడి దెబ్బలు కొట్టండి. చాంబర్ రేకుకు సొట్ట పడేంత బలం వద్దు. తర్వాత కొంచెం బిగించే వైపు లాగి, అప్పుడు విప్పండి. టక్‌మని శబ్దం వచ్చి వదిలితే పని అయినట్టే.

రెండు మీటర్ల పైపు తొడిగి వేలాడే పద్ధతి మాత్రం వద్దు. ఆ బలానికి బోల్టు కంటే ముందు బాస్ చుట్టూ ఉన్న రేకు మెలికపడుతుంది. రెండో చేతిని బాస్ పక్కన ఆనించి ఉంచితే రేకు కదులుతోందో లేదో వేళ్లకే తెలుస్తుంది. కదిలితే ఆపేయండి.

గ్యాస్ మంట పెట్టొద్దు. మెకానికల్ ఫ్యూయల్ పంపులోని డయాఫ్రమ్ (పలుచని పొర) చిరిగి ఉంటే పెట్రోల్ చాంబర్‌లోకి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తే ఇంజిన్ నడపకండి, దగ్గరికి నిప్పు రానీయకండి.

తిరుగుతూనే ఉంది, బయటికి రావడం లేదు

మరలు పోయాయి, లేదా బాస్ రేకు నుంచి విడిపోయి బోల్టుతో పాటే తిరుగుతోంది. టార్చి వేసి చూడండి. బాస్ కదలకుండా ఉంటే, తల కింద పలుచని స్క్రూడ్రైవర్ దూర్చి బయటికి ఒత్తుతూ తిప్పితే వచ్చేస్తుంది. బాస్ కూడా తిరుగుతుంటే డిప్‌స్టిక్ రంధ్రంలోంచి సన్నటి గొట్టం వేసి చేతి పంపుతో ఆయిల్ లాగేయండి. అడుగున కొంత మిగిలిపోతుంది, అది చాంబర్ దించేటప్పుడు వస్తుంది.

తల తెగిపోయింది

తల పోగానే వాషర్ పట్టు కూడా పోతుంది కాబట్టి మిగిలిన ముక్క తరచుగా తేలిగ్గానే తిరుగుతుంది. ఆయిల్ పైనుంచి లాగేశాక, సరిగ్గా నడుమ పంచ్ కొట్టి ఎడమ మర డ్రిల్ బిట్‌తో (విప్పే దిశలోనే తిరుగుతూ తొలిచేది) నెమ్మదిగా తొలవండి. బిట్‌కే పట్టుకుని బయటికి రావచ్చు. రాకపోతే ఎక్స్‌ట్రాక్టర్ (తెగిన బోల్టు ముక్కను పట్టి విప్పే పనిముట్టు) వాడండి. ఇనుప పొడి లోపల పడుతుంది, చాంబర్ దించి కడిగాకే ఇంజిన్ స్టార్ట్ చేయాలి.

కొత్త బోల్టు వేసినా కారుతోంది

రాగి వాషర్ కొత్తది వేయండి. దొరకకపోతే పాతదాన్ని మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లార్చితే మళ్లీ మెత్తబడుతుంది. బోల్టును వేళ్లతోనే చివరిదాకా తిప్పండి. వేళ్లకు ఎక్కకపోతే మర అడ్డంగా పడుతోందని అర్థం. ఆ తర్వాత పొట్టి రింగు పానాతో బిగువు తగిలాక పావు చుట్టు.

మరలు కోసుకుంటూ దిగే ఓవర్‌సైజ్ బోల్టు ఊరు చేరడానికి పనికొస్తుంది, అంతే. అది కాస్త వంకరగా దిగినా వాషర్ సరిగ్గా ఆనదు. చాంబర్ దించి శుభ్రం చేసి, లేత్ షాపులో హెలికాయిల్ (పోయిన మరల చోట కూర్చే తీగచుట్ట మర) గానీ కొత్త బాస్ గానీ వేయించండి. బిగించే ముందు బాస్ చుట్టూ బయట సుద్ద పూసి, చాంబర్‌లో కిరోసిన్ పోసి గంట ఉంచండి. ఎక్కడ కారుతుందో అక్కడ సుద్ద తడిసి నల్లబడుతుంది. ఆ చోట మళ్లీ అతికించాకే కార్క్ గాస్కెట్ కొత్తది వేసి చాంబర్ ఎక్కించండి.