చాట్‌లో చర్చ పెట్టే ముందు ప్రశ్న చూసుకోండి

"ఎవరికైనా డౌట్లున్నాయా?" అని క్లాసు గ్రూపు చాట్‌లో విద్యార్థుల్ని అడిగి చూడండి. "లేవు మేడమ్" అని ఒకరు, వెనకాలే వరసగా బొటనవేళ్లు. చర్చ అక్కడితో సరి. అందుకే చాట్ పెట్టేముందు నా సమయమంతా ప్రశ్న మీదే పెడతాను. అది రెండు వైపులా వాదించడానికి వీలైనదై ఉండాలి.

నేను చెప్పేది స్టాటిస్టిక్స్. సింప్సన్స్ పారడాక్స్ (మొత్తం లెక్కలో కనిపించే తేడా, విడివిడి గ్రూపుల్లో చూస్తే మాయమవడమో తిరగబడడమో) పాఠానికి బర్కిలీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో 1973 నాటి పీజీ అడ్మిషన్ల లెక్కలు తీసుకుంటాను. మొదట మొత్తం అంకెలే ఇస్తాను: దరఖాస్తు పెట్టిన మగవాళ్లలో సుమారు 44 శాతానికి సీటొచ్చింది, ఆడవాళ్లలో 35 శాతానికి. "ఇది వివక్షేనా? ఒక కారణంతో రాయండి. నేను చెప్పేదాకా సెండ్ నొక్కొద్దు." రెండు మూడు నిమిషాలాగి అందరూ ఒకేసారి పంపుతారు. ఇంకేది వదిలినా ఈ ఏర్పాటు మాత్రం వదలకండి. లేదంటే వేగంగా టైప్ చేసేవాళ్ల మాటే అందరి మాటా అయిపోతుంది, క్లాసులో నోరు విప్పనివాళ్లు ఇక్కడా విప్పరు.

కాసేపు వాదించుకోనిచ్చి, అప్పుడు డిపార్ట్‌మెంట్ల వారీ పట్టిక పెడతాను. ఒక డిపార్ట్‌మెంట్‌లో దరఖాస్తు పెట్టిన ఆడవాళ్లలో సుమారు 82 శాతానికి సీటొస్తే, మగవాళ్లలో 62 శాతానికే వచ్చింది. ఇక చూడండి! ఆడవాళ్లు ఎక్కువగా సీటు దొరకడం కష్టమైన డిపార్ట్‌మెంట్లకే దరఖాస్తు పెట్టారన్న సంగతి ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఎంత ఆలస్యమైనా ఆ మాట మీరు చెప్పేయకండి. వాళ్లు పట్టుకున్నాక నేను వేసేది ఒక్క ప్రశ్నే: "అయితే వివక్ష లేనట్టేనా?" అసలు వాదన అప్పుడు మొదలవుతుంది.

గ్రూపుకి ఐదారుగురు చాలు. మించితే ఒకరు మొదటి పట్టిక మీద రాస్తుండగానే మిగతావాళ్లు రెండోదానికి వెళ్లిపోతారు. ఎవరి మాటకు జవాబిస్తున్నారో ఆ మెసేజ్‌కే రిప్లై ఇమ్మనండి.

మెసేజ్‌ల లెక్కన మార్కులు వేయొద్దు. వేశారో, "కరెక్ట్", "నాదీ అదే" అంటూ గ్రూపు నిండిపోతుంది. నేను చాట్ అయ్యాక ఒక్కొక్కరినీ నాలుగైదు వాక్యాలు రాయమంటాను: మొదట ఏమనుకున్నారు, ఎవరి మెసేజ్‌తో మారారు, మారకపోతే ఎందుకు. మార్కులు దానికే. పైకి స్క్రోల్ చేస్తే అంతా ఉంటుంది కాబట్టి గుర్తులేదనడానికి వీల్లేదు.

నెట్ తెగిపోయినవాళ్లకు మర్నాటిదాకా గడువివ్వండి. చాట్ మొత్తం చదివి, అందులో ఏదో ఒక వాదనకు జవాబు రాస్తే వాళ్లకీ హాజరు వేసేయొచ్చు.